నాలిక విరిగిన గిలక్కాయ

నేను ఒక గిలక్కాయను. ఉయ్యాలలో పసిగుడ్డు ముందు గలగలలాడించే రకాన్ని కాదు. నా గొంతు విని ఏ పసిబిడ్డా నవ్వలేదు, ఉలిక్కిపడి ఏడ్చినవాళ్లు మాత్రం చాలామందే ఉన్నారు. నాకొక చేతిపిడి, దాని తలమీద పళ్ల చక్రం, ఆ పళ్లకు ఆనుకుని ఒక వెదురు బద్ద. పిడి పట్టుకుని గిరగిరా తిప్పితే బద్ద ఒక్కో పన్ను మీంచి జారిపడుతూ కటకటమని అరుస్తుంది. ఆ బద్దే నా నాలిక. ఇప్పుడది లేదు. ఎలా పోయిందో చెప్పుకుంటే గాని నా మనసు కుదుటపడదు.

నన్ను చేసింది భావనాచారి అనే వడ్రంగి. బాపట్ల వెళ్లే దారిలో, కాలువ దిగువన ఉన్న ఒక చిన్న పేటకు కాస్త ముందు అతని కొట్టం ఉండేది. ఆ పేటలోని సిప్పోరా టీచరమ్మ ఏదో పత్రికలోంచి కత్తిరించిన బొమ్మ పట్టుకుని అతని దగ్గరికి వచ్చింది.

"ఏందమ్మా ఇది? చేలో పిట్టల్ని తోలేదా?" అన్నాడు ఆచారి.

"కాదు బాబాయ్. ఒకడి పేరు చెవినపడకుండా చేసేది."

ఆచారి కళ్లజోడు పైకెత్తి ఆమె వంక చూశాడు. "తలుపులు చేశా, మంచాలు చేశా. పేర్లు మింగే సామాను మాత్రం చేసెరగను తల్లీ," అంటూనే విరిగిన ఎడ్లబండి చక్రంలోంచి ఒక తుమ్మ చెక్క లాగి చిత్రిక పట్టాడు. పన్నెండు పళ్లు కోశాడు. అందులో ఒకటి పొట్టిగా వచ్చింది. అందుకని నా అరుపులో తిప్పుకొక తడబాటు ఉండేది. పిల్లలు దాన్నిబట్టే నన్ను గుర్తుపట్టేవారు.

ఆ పేటలో ఉండేది యూదులు. తెలుగు యూదులు. మొత్తం ముప్పై గడప. తమది ఎప్పుడో చెదిరిపోయిన ఇశ్రాయేలు గోత్రమని వాళ్ల తాతలు చెప్పుకునేవారట. "నిజమేనా?" అని వచ్చినవాడల్లా అడిగిపోతాడు. శనివారం విశ్రాంతి దినమని పొయ్యి రాజేయకుండా, శుక్రవారం పొద్దుగూకక ముందే కలిపి పెట్టుకున్న పులిహోరతో పూట గడిపేవాళ్లను ఆ ప్రశ్న అడగడం నాకైతే మర్యాదగా తోచదు. ప్రార్థన మందిరం వెనక ఒక రేకుల సావడి కట్టుకున్నారు. పేట మొత్తానికీ అదే కూడలి. శనివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ అక్కడికి చేరితే టీచరమ్మ పిల్లలకు కథలు చెప్పేది, పాటలు నేర్పేది. ఆదివారం పలకల మీద హీబ్రూ అక్షరాలు కుడి నుంచి ఎడమకు దిద్దించేది. సోమవారం బడిలో ఆ పిల్లలే అ ఆలు కూడా కుడివైపు నుంచి మొదలుపెట్టి చీవాట్లు తినేవారు. దీపాల పండుగకు వాళ్లే మట్టి తొక్కి ప్రమిదలు చేసేవారు, పందిళ్ల పండుగకు తాటాకులు మోసేవారు.

నాకు మాత్రం ఏడాదికి ఒక్కరోజే పని. అది పూరీము పండుగ. పూర్వం ఒక రాజు కొలువులో హామాను అనే మంత్రి యూదులందర్నీ ఒకేరోజు చంపించాలని చీట్లు వేసి ముహూర్తం పెట్టాడట. ఎస్తేరు రాణి అడ్డుపడి తనవాళ్లను కాపాడుకుంది. ఆ కథను ప్రతి ఏడూ సావడిలో చదువుతారు. చదువుతుంటే హామాను పేరు వచ్చిన ప్రతిసారీ పిల్లలు కాళ్లు తపతపా కొట్టాలి, పళ్లేలు మోగించాలి, నన్ను తిప్పాలి. ఆ పేరు ఎవరి చెవికీ అందకూడదు. కథ అయ్యాక కజ్జికాయలు పంచుతారు. ఆ వంపు చూసి పిల్లలు వాటికి హామాను చెవులని పేరు పెట్టుకున్నారు. పండుగ మర్నాడు నన్ను ట్రంకు పెట్టెలో పడేసి గొళ్లెం పెట్టేవారు. నా వయసు ఇరవై రెండేళ్లంటే నమ్మొద్దు, నేను బతికింది ఇరవై రెండు రోజులు.

ఎవరు బాగా పాఠం అప్పజెబితే వాళ్ల చేతికి నన్ను ఇవ్వడం టీచరమ్మ పద్ధతి. అలా చాలా చేతులు మారాను. కొన్ని చెమట చేతులు, కొన్ని బెల్లం చేతులు. ఆ చేతులన్నిటిలో నాకు బాగా గుర్తున్నవి ఆషేరువి. తాపీ మేస్త్రి ఎలీషాకూ, మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లే రిబ్కాకూ పెద్దకొడుకు వాడు. వరసగా మూడేళ్లు నన్ను గెలుచుకున్నాడు. హామాను పేరు వచ్చి పోయి, అందరూ గోల ఆపి, నఫ్తాలి తాత మళ్లీ చదవబోయేసరికి వాడు నన్ను ఇంకొక్క తిప్పు తిప్పేవాడు. ఆ ఒక్క తిప్పూ ఎప్పుడూ ఎక్కువే.

"ఒరే ఆషేరూ, వాడు సచ్చి రెండువేల ఏళ్లయిందిరా, ఇంక వదిలెయ్!" అని నఫ్తాలి తాత కోప్పడితే సావడంతా నవ్వేది. పేటలో అందరికన్నా పెద్దవాడు, కథ చదివేవాడు ఆయనే. రిబ్కా మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కొడుకు వంక చూస్తూ మురిసిపోయేది.

మూడో ఏడు, హామాను పేరు కోసం కాచుకుని కూర్చున్నప్పుడు వాడు ఒక మేకు తీసుకుని నా పిడి అడుగున గీకాడు. మూడే అక్షరాలు, కుడి నుంచి ఎడమకు. వాడి పేరు. అప్పుడు నాకు కోపం వచ్చింది. పళ్లు తోముకోని పిల్లాడి పేరు నేను మోయాలా అనుకున్నాను.

ఆ తర్వాత వానలు వచ్చాయి. పెట్టెలో ఉన్న నాకు రేకుల మీద చినుకుల చప్పుడు తప్ప ఏమీ తెలియదు. ఒక శనివారం పిల్లల పాట వినిపించలేదు. పై శనివారమూ వినిపించలేదు. ఆషేరును జ్వరం నాలుగురోజుల్లో మింగేసిందని, పదేళ్లు నిండకుండానే పోయాడని, సావడి ఊడ్చే ఆడవాళ్లు మాట్లాడుకుంటుంటే విన్నాను. ఆ మాటలు కూడా గుసగుసలుగా చెప్పుకున్నారు.

మళ్లీ పూరీము వచ్చింది. రిబ్కా ఆ వానల తర్వాత గడప దాటి పనికి తప్ప ఎక్కడికీ పోలేదట. ఏడుస్తుంటే ఎవరైనా చూస్తే మిరప ఘాటని చెప్పేదట. "పిల్లకోసమన్నా రా రిబ్కా," అని టీచరమ్మ బతిమాలి తీసుకొచ్చింది. పిల్ల అంటే తిర్సా, ఆషేరు చెల్లెలు. ఆరేళ్లది. అన్న చేతిలో ఉన్న వస్తువని జాలిపడి ఆ ఏడు నన్ను దానికే ఇచ్చింది టీచరమ్మ.

ఇస్తూ చెప్పింది, ప్రతి ఏడూ పిల్లలకు చెప్పే మాటే. "మనల్ని ఏడిపించే పేరు వినపడగానే తిప్పాలి. ఎవ్వరి చెవినా పడనీయగూడదు. సరేనా?"

తిర్సా తలూపింది. అంత బుద్ధిగా తలూపిన పిల్లను నేను చూడలేదు.

కథ చదవడం బాగానే సాగింది. తిర్సా చేతులు చిన్నవి, రెండుచేతులా తిప్పింది. నా పొట్టి పన్ను చప్పుడు వినగానే రిబ్కా తల ఒకసారి ఎత్తి దించుకుంది. తర్వాత కజ్జికాయల పొట్లాలు పంచే వేళ. పిల్లల్ని పేరుపేరునా పిలవాలి. టీచరమ్మ రాసిన కొత్త జాబితా ఆమె సంచిలోనే ఉంది, ఆమె వంటచేసేవాళ్ల దగ్గర ఉంది. నఫ్తాలి తాత ట్రంకు పెట్టెలో చెయ్యిపెట్టి దొరికిన కాగితం తీశాడు. అది నిరుడు రాసింది. ఏడాది పొడుగునా నా కింద నలగకుండా భద్రంగా ఉంది. అది చిరిగిపోయి ఉంటే ఎంత బాగుండేదో.

తాత కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని చదువుకుపోతున్నాడు. "దాను... హన్నా... ఆషేరు, ఎలీషా కొడుకు..."

ఆ పేరు వినగానే తిర్సా లేచి నిలబడి నన్ను తిప్పింది. బలమంతా పెట్టి తిప్పింది. నేను అరిచాను, అరవక చేసేదేముంది? నా అరుపు వినగానే మిగతా పిల్లలు అలవాటు చొప్పున కాళ్లు కొట్టారు, పళ్లేలు మోగించారు. చచ్చిపోయిన పిల్లాడి పేరు మీద, హామాను పేరు మీద చేసే గోలంతా చేశారు. పెద్దలు లేచి ఆపేలోపే అయిపోయింది.

రిబ్కా ఒక్క అంగలో వచ్చింది. తిర్సా చెంప ఛెళ్లుమంది. నన్ను లాక్కుంది, ఆమె అరచేతుల్లో మిరప మంట నాకూ తగిలింది. వెదురు బద్దను పట్టుకుని ఫట్టున విరిచింది.

"వాడు నీ అన్నే! హామానా వాడు! నీ అన్న పేరు మీద కొడతావటే!"

తిర్సా ఏడవలేదు. చెంప మీద చెయ్యి పెట్టుకుని తల్లినే చూసింది. "ఆ పేరు ఇంటే నువ్వు ఏడుత్తావు గదమ్మా," అంది. "నీకు వినపడకూడదని."

రిబ్కా ఉన్నచోటే కూలబడి పిల్లను ఒళ్లోకి లాక్కుంది. కాని చెంప మీద పడిన దెబ్బను వెనక్కి తీసుకోవడం ఎవరి తరం?

ఆ రోజు నుంచి నేను వాళ్లింట్లోనే ఉన్నాను. గూట్లో, ఉప్పు డబ్బా పక్కన. అక్కడి నుంచి అన్నీ చూశాను. పేటవాళ్లు మంచివాళ్లు. మంచివాళ్లు కనకనే ఆ పండుగ తర్వాత ఆషేరు పేరు ఎవరూ ఎత్తలేదు. వాకిట్లో మాటల్లో ఆ పేరు దగ్గరికి రాగానే గొంతు తగ్గించి, వానల సంగతో వడ్ల సంగతో అందుకునేవారు. ఎలీషా సరేసరి, పని నుంచి వచ్చి అన్నం తిని గోడకు తిరిగి పడుకునేవాడు.

"ఏవయ్యా, ఒక్కరూ వాడి పేరెత్తరే," అంది రిబ్కా ఒకనాడు. "నేనేడుత్తానని. ఏడవనీయండి నన్ను. పేరు కూడా పోతే నాకింకేం మిగిలిద్ది?"

ఎలీషా కండువాతో మొహం తుడుచుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆమె కూతుర్ని దగ్గరికి పిలిచింది. "తిర్సమ్మా, అన్న పేరు నువ్వన్నా చెప్పవే. కొట్టన్లే." తిర్సా పెదాలు బిగించి తల అడ్డంగా ఊపింది. ఆ పేరు చెబితే అమ్మ ఏడుస్తుంది, వినపడకుండా చేస్తే అమ్మ కొడుతుంది. ఇక ఆ పేరు జోలికి పోకపోవడమే మంచిదని ఆరేళ్లకే తేల్చుకుంది పిల్ల. ఆ ఇల్లు చూస్తే నాకు దిగులేసేది.

నా పిడిని తుడుస్తూ ఒకసారి రిబ్కా బొటనవేలు ఆ గీతల మీద ఆగింది. ఆమెకు ఆ అక్షరాలు రావు. "ఏందే ఇది? ఏదో గీసుంది."

తిర్సాకు వచ్చు. అప్పటికే సావడిలో దిద్దింది. వంగి చూసింది, చదివింది, నాకు తెలుసు. "ఏం లేదమ్మా. ఎలక కొరికింది," అని ఆడుకోవడానికి వెళ్లిపోయింది. తల్లి ఏడవకుండా అది ఆడిన అబద్ధం ఏడాదంతా ఆమె బొటనవేలి కిందే ఉంది.

నాకొక సంగతి తోచేది. ఇరవై రెండేళ్లు హామాను పేరు మీద చెవులు చిల్లులు పడేలా గోల చేశాం. ఏమైంది? పేటలో పాలుతాగే పిల్లకు కూడా వాడి పేరు తెలుసు. ఆషేరు పేరు మీద గోల చేసింది ఒక్కసారే. మిగతాదంతా జాలితో, మెల్లగా, మాట మార్చి తుడిచేశారు. చప్పుడు చేసే నాకు ఆ పని చేతకాలేదు.

మరుసటి పూరీముకు రిబ్కా నన్ను ఒళ్లో పెట్టుకుని సావడిలో కూర్చుంది. కథ చదివారు. ఈసారి పిల్లలకు పళ్లేలే దిక్కు. తర్వాత పొట్లాల వేళ టీచరమ్మ జాబితాను తానే స్వయంగా తాత చేతిలో పెట్టింది. దాను, హన్నా, తిర్సా... ఒక్కో పేరుకూ రిబ్కా వేళ్లు నా పిడి మీద బిగుసుకున్నాయి. ఆమె దేనికోసం కాచుకుందో నాకు తెలుసు. జాబితా అయిపోయింది. తాత కాగితం మడిచాడు. రిబ్కా వేళ్లు వదులయ్యాయి.

పొట్లం తీసుకుని వచ్చిన తిర్సా తల్లి మొహం చూసింది. ఏడుపు లేదు ఆ మొహంలో. ఏమీ లేదు. పిల్ల నన్ను తల్లి ఒళ్లోంచి తీసుకుని నఫ్తాలి తాత దగ్గరికి వెళ్లింది.

"తాతా, ఒక పేరు చదవలేదు నువ్వు."

"ఏ పేరే?"

"ఇక్కడుంది చూడు." పిడి అడుగున వేలు పెట్టి, కుడి నుంచి ఎడమకు కూడబలుక్కుని చదివింది. "ఆ... షే... రు. మా అన్నే రాసుకున్నాడు."

తాత కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "ఆషేరు," అన్నాడు గట్టిగా. "ఎలీషా కొడుకు."

ఏ పిల్లా కాలు కదపలేదు. రిబ్కా పైట నోట్లో కుక్కుకోకుండా, మిరప ఘాటని చెప్పకుండా, అందరి ముందూ గొల్లుమని ఏడ్చింది. తిర్సా ఆ ఏడుపు విని తిరిగి చూసింది, కాని బెదరలేదు. నన్ను పైకెత్తి ఒకే ఒక్క తిప్పు తిప్పింది. నాలిక లేదు గనక చప్పుడు రాలేదు. అది ఆషేరు ఎప్పుడూ ఎక్కువ తిప్పే ఆ ఒక్క తిప్పని సావడిలో నాకూ ఆ తల్లీకూతుళ్లకూ తెలుసు.

కొత్త బద్ద వేయిస్తానని టీచరమ్మ అంటే రిబ్కా వద్దంది. మళ్లీ ట్రంకు పెట్టెలోకి వచ్చాను. తాత ఇచ్చిన ఆషేరు వంతు పొట్లాన్ని తిర్సా నా పక్కనే దాచింది. మూడోరోజుకే చీమలు పట్టి కజ్జికాయ పోయింది, ఆ సంగతి వాళ్లకు చెప్పేదెవరు? మా ఇద్దరి కింద ఆ ఏటి జాబితా ఉంది. అన్ని పేర్ల తర్వాత అడుగున ఒక పేరు వంకర అక్షరాలతో తిర్సా రాసింది. వచ్చే పూరీముకు నఫ్తాలి తాత ఉంటాడో ఉండడో, ఆయనకు దగ్గు ఎక్కువైందని విన్నాను. ఎవరు వచ్చి పెట్టెలో చెయ్యిపెట్టినా ముందు దొరికే కాగితం అదే. అది నలగకుండా నేను దాని మీద పడుకుని ఉన్నాను.