వాకీటాకీలో నవ్వు

పెద్ద భవనం కడుతున్నచోట, మధ్యాహ్నం భోజనాల వేళ రేకుల షెడ్డులో నాలుగైదు దేశాల మగవాళ్ళు చేరతారు. తిండి వేరు, భాష వేరు, దేవుడు వేరు. కానీ ఆడవాళ్ళ ప్రస్తావన వచ్చిందంటే చాలు, అందరూ ఒక్క తల్లి బిడ్డలైపోతారు.

"మా దేశంలో ఆడవాళ్ళని గడప దాటనివ్వం," అన్నాడు వడ్రంగి గర్వంగా.

"అదేం గొప్ప? మా దగ్గర విమానాలే నడుపుతారు. అయితే ఇంటికొచ్చి వంట మాత్రం వాళ్ళే చెయ్యాలి," అన్నాడు వెల్డరు, ఇంకా గర్వంగా.

పెయింటరు వేలు పైకి చూపించాడు. "అవన్నీ ఎందుకు? మన అన్నని చూడండి. పెళ్ళాం ఆకాశంలో, మొగుడు నేలమీద!"

అందరూ పగలబడి నవ్వారు. ఆ మొగుడూ నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు? కానీ సగం తిన్న డబ్బా మూసేశాడు.

కడుతున్న ఆ భవనం పక్కన పెద్ద క్రేను ఉంది. దాని పైగదిలో కూర్చుని నడిపేది అతని భార్య. అతను కింద ఇనప సామానుకి గొలుసులు తగిలిస్తాడు. ఇద్దరూ ఒకేసారి పనిలో చేరారు. క్రేను పరీక్షలో ఆమె నెగ్గింది, అతను తప్పాడు. అదొక మంట. అంతకు మించిన మంట ఇంకొకటి ఉంది.

పైనున్న మనిషికి కింద అన్నీ కనిపించవు. అందుకని కిందనుంచి ఒకడు వాకీటాకీలో దారి చెబుతుంటాడు. ఆ చెప్పేవాడు వేరే దేశపువాడు. ఎప్పుడూ పళ్ళికిలిస్తుంటాడని నవ్వులయ్య అని పేరు పెట్టారు. "అమ్మగారూ, కొంచెం ఎడమకి... ఆఁ, అంతే! బిడ్డని పడుకోబెట్టినట్టు దించారండీ!" అంటాడు. పైనుంచి ఆమె కిలకిలా నవ్వుతుంది. మేస్త్రీ నడుముకున్న వాకీటాకీలోంచి ఆ నవ్వు మొగుడి చెవిన పడుతుంది. ఇంట్లో ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో! తన ఇంటి సొమ్ము ఎవడో పట్టపగలు ఎత్తుకుపోతున్నట్టు అతనికి అనిపిస్తుంది.

పాఠకులారా, అసూయ ఎన్నడూ సొంత పేరు చెప్పుకోదు. బాధ్యతగల పెద్దమనిషిలా గొంతు సవరించుకుని వస్తుంది. "చెప్పకూడదు గానీ మేస్త్రీగారూ, ఆ నవ్వులయ్య పని మధ్యలో ఫోను చూస్తున్నాడండీ. ఎవరి ప్రాణం మీదికి తెస్తాడో!" అన్నాడతను. పచ్చి అబద్ధం. మర్నాడు నవ్వులయ్య ఇటుకల మోతకి పోయాడు. వాకీటాకీ ఇతని చేతికొచ్చింది.

"ఇదేంటండీ, మీరొచ్చారు? ఆయనేడీ?" అంది భార్య పైనుంచి.

"ఏం, నేను పనికిరానా?"

ఆమె పనిలో పడింది. పొద్దుటినుంచీ ఒక్క నవ్వూ లేదు. అతనికి హాయిగా ఉండాల్సింది. ఉండలేదు.

ఒక గోడ వెనక ఇనప గొట్టాల కట్ట దించాలి. సరిగ్గా అప్పుడే వెల్డరు పైకి చూసి చెయ్యి ఊపాడు. నా పెళ్ళాంతో వీడికేం పని? ఒళ్ళు మండిపోయింది. కట్టని చూడాల్సిన కళ్ళు వెల్డరుని చూస్తుండగానే నోరు "దించు, దించు" అంది.

కట్ట గాలిలోనే ఆగిపోయింది.

"దించమంటుంటే!"

"దించను."

"కింద ఉన్నది నేనా, నువ్వా?"

"పెయింటరు ఆ గోడ వెనక్కి వెళ్ళడం చూశాను. రావడం చూడలేదు. ఎక్కడున్నాడో చెప్పండి, దించుతాను."

అతను గోడ వెనక్కి పరుగెత్తాడు. సరిగ్గా కట్ట కింద పెయింటరు వంగి రంగు కలుపుకుంటున్నాడు. చెయ్యి పట్టి ఇవతలికి లాగాడు.

పని ఆగితే ఇంజనీరు రాకుండా ఉంటాడా? కారణం లేకుండా క్రేను ఆపినవాళ్ళు ఆ ఉద్యోగం వదులుకోవలసిందే. అందరూ గుమిగూడారు.

"ఆడమనిషి కదండీ, భయపడుంటుంది," అన్నాడు వెల్డరు.

"నేను మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను," అన్నాడు వడ్రంగి.

ఎవరూ రాకూడదని కట్టిన తాడు దాటి అక్కడికి వెళ్ళడం పెయింటరు తప్పు. అది బయటపడితే తన పనికే ముప్పు. "నేనసలు అక్కడ లేనండీ. ఆవిడే ఊరికే ఆపేసింది," అని మొగుడివైపు చూసి కన్ను గీటాడు.

"నువ్వు చెప్పు," అన్నాడు ఇంజనీరు అతనితో.

ఒక్కసారి తల ఊపితే చాలు. ఆమె దిగొచ్చేస్తుంది. ఇంట్లో పడి ఉంటుంది. ఏ మగాడితోనూ నవ్వదు. ఇన్నాళ్ళూ లోలోపల కోరుకున్నది అదేగా! కానీ ఆ కన్నుగీటుకి అతని ఒళ్ళు జలదరించింది. ప్రాణం కాపాడిన మనిషినే ముంచడానికి వీడికి సిగ్గులేదు. మరి నవ్వులయ్య పొట్టకొట్టిన తనకి?

"వీడు అక్కడే ఉన్నాడండీ," అన్నాడు పెయింటరుని చూపిస్తూ. "నేనే చూసుకోలేదు. ఆవిడ ఆపబట్టి బతికాడు. ఇంకోమాటండీ... నవ్వులయ్య ఫోను చూడ్డం అబద్ధం. కడుపుమంటతో నేనే కల్పించాను."

షెడ్డులోని అన్నదమ్ములంతా అతన్ని పగవాడిలా చూశారు. వాకీటాకీ నవ్వులయ్యకి వెళ్ళింది. ఇటుకలు ఇతనికి వచ్చాయి.

సాయంత్రం భార్య కిందికి దిగగానే మెచ్చుకుంటుందేమో అనుకున్నాడు, పిచ్చి మహారాజు.

"నిజం చెప్పినందుకు దండం పెట్టమంటారా?" అంది ఆమె. "రోజంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పని చేస్తాను. బాగా చేశావని ఒకాయన అంటే నవ్వాను. ఆ మాట మీరెప్పుడైనా అన్నారా? అని చూడండి, నవ్వుతానో లేదో!"

అతనికి తల కొట్టేసినట్టయింది. ఆ రోజుతో అతని అసూయ చచ్చిపోయిందంటే మీరు నమ్మరు, నేనూ చెప్పను. కానీ దాని మాట విని ఆమె పనికి అడ్డుపడటం మాత్రం మానేశాడు. పనిచేసే ఆడదాని నేర్పు గానీ, గౌరవం గానీ, నవ్వు గానీ ఏ దేశంలోనూ మగవాడి దగ్గర దోచుకున్న సొత్తు కాదు; అది ఆమె కష్టార్జితం.