సాదా తెర

సాదా తెరను తీసేసింది నేనే.

యాష్ నగరంలోని మా కంపెనీ, ఆఫీసుల్లో వాడుకునే ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. మెయిలు, అందరికీ కలిపి ఒక క్యాలెండరు, రెండూ బ్రౌజరులోనే తెరుచుకుంటాయి. పదిహేనేళ్ళ పాత రూపాన్ని మార్చి కొత్తగా గీసే పని ఎనిమిది నెలలు నా చేతిలో ఉంది. పాత పేజీ అడుగున ‘సాదా తెర’ అని ఒక లింకు ఉండేది. దాన్ని తెరిస్తే బొమ్మలు, రంగులు పోయి అక్షరాలు మాత్రమే మిగులుతాయి. ఏడాది లెక్క తీయిస్తే దాన్ని నొక్కినవాళ్ళు సున్నా.

“సున్నా అంటే శవమే. పూడ్చేద్దాం” అన్నాడు మా మేనేజరు రజ్వాన్. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడు. నేను నవ్వి తీసేశాను.

సోమవారం విడుదల. అంతకుముందు గురువారం ఫోను వచ్చింది. కొత్త రూపాన్ని ముందుగా వాడి చూడమని కొన్ని ఆఫీసులకు ఇచ్చాం. అందులో ఒకటి, రెండు గంటల దూరంలోని చిన్న ఊళ్ళో నీళ్ళ సరఫరా ఆఫీసు.

“నా పేరు స్మరండ అండీ. ఫిర్యాదులు చూస్తాను. చూస్తాననడం అలవాటు గానీ నాకు చూపు లేదు. మా కంప్యూటర్‌లో చదివి వినిపించే గొంతుంది కదా, మీ కొత్తదాంట్లో దానికి దిక్కు తోచట్లేదు. ‘బటన్, బటన్, బటన్’ అంటోంది. పేరు చెప్పని చుట్టాలు ఇంటినిండా వచ్చి కూర్చున్నట్టుంది.”

“ఇదివరకు సాదా తెర వాడేవారా?”

“పన్నెండేళ్ళుగా రోజూ అదే.”

ఫోను పెట్టేసి లెక్క ఎలా తీశారో చూశాను. మౌసుతో నొక్కితేనే లెక్కలోకి వస్తుంది. మౌసు ముట్టనివాళ్ళ కోసం పెట్టిన తెరను మౌసుతో కొలిచాం.

మర్నాడు పొద్దున్నే రైలెక్కాను. బయట చలిగా ఉన్నా పెట్టెలో వెచ్చగానే ఉంది. ఎదుటి ముసలావిడ అడగకుండానే సంచి ఒళ్ళోకి తీసుకుని నా కోటుకు చోటిచ్చింది. నా భార్య దోరినా పోయిన ఈ నాలుగేళ్ళలో ఇలాంటివి నా కంటికి ఎక్కువగా ఆనుతున్నాయి. ఆఫీసుకు చేరేసరికి స్మరండ గదిలో దీపం వెలుగుతోంది. “నాక్కాదండీ, వచ్చేవాళ్ళకి” అంది.

ఎక్కడ గొట్టం పగిలినా ఆమెకు మెయిలు వస్తుంది. ఆమె దాన్ని మరమ్మతు చేసేవాళ్ళ క్యాలెండరులో పెడుతుంది.

“సోమవారం నుంచి అందరూ కొత్తదాంట్లోనే చేయాలన్నాడు మా ఆఫీసు పెద్దాయన. నేను చేయలేకపోతే ఈ కుర్చీలో ఇంకొకరట. మంచివాడే పాపం, దగ్గి దగ్గి చెప్పాడు.” చుట్టలా మెలిపెట్టి కాల్చిన రొట్టె, కోవ్రిగ్, ఒకటి నా వైపు జరిపింది. పైన గసగసాలు, ఇంకా వేడిగా ఉంది. “తిన్నాక తెర ఆపేసి, ఈ ఒక్క ఫిర్యాదూ క్యాలెండరులో పెట్టి చూపించండి. గీసింది మీరే కదా.”

తెర ఆపాను. పదకొండు నిమిషాలు మీటలు నొక్కాను. గొంతు ఏదో పూర్తయిందని చెప్పింది.

“పూర్తయింది పొండి” అని ఆమె పకపకా నవ్వింది. “పాపం, ఎవరింటి గొట్టమో పగిలింది. మీరు దాన్ని చెత్తబుట్టలో వేశారు.”

పాత రూపం ఇంకా పక్కనే ఉంది. అందులోంచి నాలుగు మీటల్లో ఆ ఫిర్యాదును బయటికి తీసింది. ఆమె తర్వాత నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

సాయంత్రం రజ్వాన్‌కు చెప్పాను.

“బటన్లకు పేర్లు తగిలిస్తే సరిపోదా?”

“మెయిలుకు సరిపోతుంది. క్యాలెండరులో ఫిర్యాదును పట్టుకుని లాగి తేదీ మీద వేయాలి. ఆవిడ దేన్ని పట్టుకుంటుంది?”

“ఒక్క మనిషి కోసమా, గురువుగారూ?”

“ఒక్కరో వందమందో మనకేం తెలుసు? మనం లెక్కపెట్టలేదు.”

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. గీసినవాడు, కోడు రాసినవాడు, పరీక్షించినవాడు ముగ్గురూ సంతకం చేస్తేనే విడుదల. మీటలతో కూడా పని జరుగుతోందని చూశాకే నేను సంతకం చేయాలి. చూడకుండానే చేశాను. ఆ మాట చెప్పి, విడుదల కాగితం తీసుకుని నా సంతకం మీద అడ్డంగా గీత గీసేశాను.

రజ్వాన్ కాగితాన్ని నా వైపు నెట్టేశాడు. “ఎనిమిది నెలల పని! డైరెక్టరమ్మకి మీరే చెప్పుకోండి. నా నోటితో చెప్పను.”

నేనే వెళ్ళి చెబితే డైరెక్టరమ్మ అరవలేదు. మూడు వారాలిచ్చింది. అప్పటికీ కాకపోతే నా బదులు ఇంకొకరు సంతకం చేస్తారంది.

సోమవారం పొద్దున స్మరండకు ఫోను చేసి, ప్రస్తుతానికి పాతదే ఉంటుందని చెప్పాను.

“మూడు వారాల తర్వాత?”

“ప్రయత్నిస్తున్నానండీ. మాటివ్వలేను.”

“మా పెద్దాయనకి నేనూ అదే చెప్పాలా?” ఆమె గొంతులో కోపం లేదు. అదే నాకు కష్టంగా అనిపించింది. “ఉండండి, ఏదో ఫిర్యాదు వచ్చింది.”

రిసీవరు బల్లమీద పెట్టినట్టుంది. కంప్యూటర్ గొంతు గబగబా చదువుతోంది, మీటలు టకటకలాడుతున్నాయి. నేను పెన్ను తీసి, ఆమె దేని తర్వాత ఏం చేస్తోందో వరసగా రాసుకోసాగాను.