లాభం లేని ప్రాజెక్టు రిపోర్టు

నిరుద్యోగుల చేత సొంత వ్యాపారాలు పెట్టించాలని సర్కారువారు ఆరు వారాల శిక్షణ మొదలుపెట్టిన ఏడాది, విశాఖపట్నంలో చదువుకున్న కుర్రాడల్లా స్టీలు ప్లాంటు ఉద్యోగం కోసం మెడలు నొప్పెట్టేలా ఎదురుచూస్తున్నవాడే. ఐటీఐలో డీజిల్ మెకానిక్ ప్యాసై మూడేళ్లుగా ఖాళీగా ఉన్న ఎల్లారావూ వాళ్లలో ఒకడు. ఫిషింగ్ హార్బరు పక్కన మరబోట్ల ఇంజన్లు బాగుచేసే షెడ్డు పెడతానని అతను ప్రాజెక్టు రిపోర్టు రాసుకున్నాడు. శిక్షణ ఇచ్చే గురునాథరావుగారు దాని మీద సంతకం పెడితేనే బ్యాంకువాళ్లు గుమ్మం ఎక్కనిస్తారు.

మిగతావాళ్లు మహా ఘనులు. కొవ్వొత్తులు చేస్తానన్నవాడు రెండేళ్లలో సింగపూరుకి ఎగుమతి అన్నాడు. ఫినాయిలు పెడతానన్నవాడు మూడో ఏట కారు కొనేశాడు, కాగితం మీదే అనుకోండి. గురునాథరావుగారు మురిసిపోయి అందరికీ సంతకాలు పెట్టేశారు. ఎల్లారావు వంతు వచ్చింది.

"షెడ్డు మీద లాభం ఏమాత్రం రావచ్చు?"

"ఏటొత్తాది బాబూ, ఏటీ రాదు."

"పోనీ, నడుస్తుందా?"

"నడవదేమో బాబూ."

గదంతా గొల్లుమంది. పాపం, అతని తప్పేముంది? వాళ్ల రేవులో ఎవరూ రాబోయే కలిమిని నోటితో అనరు. అంటే దిష్టి కొడుతుంది. అతని తల్లి పోతమ్మయితే మరీను. కొడుకు ఊసెత్తితే చాలు, "ఆడికి పనీ రాదు, పాటా రాదు" అని చేపల బజారంతా చాటేది. అది దిష్టి భయమో, మనసులో మాటో తెలియక ఎల్లారావు ఇన్నేళ్లూ లోలోపల కుమిలిపోతూనే ఉన్నాడు.

"నీకే నమ్మకం లేకపోతే నేనెలా సంతకం పెట్టనయ్యా? శనివారం వచ్చి స్థలం చూస్తాను. అప్పుడూ ఇదే పాట పాడితే ఫైలు మూసేస్తాను" అన్నారు గురునాథరావుగారు.

శనివారం ఉదయం ఆయన స్కూటరు దిగేసరికి ఆ రేవు జాలరి వీరన్న బోటు అప్పుడే ఒడ్డుకి వచ్చింది. వీరన్న మోకాళ్ల దాకా రొయ్యల్లో నిలబడి ఉన్నాడు.

"వేట బాగా పడినట్టుందే!" అన్నారాయన మర్యాదకి.

"ఏటీ నేదు బాబూ. ఒట్టి నీల్లే" అన్నాడు వీరన్న.

గురునాథరావుగారు రొయ్యల్ని చూశారు. వీరన్నని చూశారు. తల వంచుకున్న ఎల్లారావుని చూశారు. ఆయన తెలివైనవారే, చదువే కొంచెం అడ్డొచ్చింది. కడుపు పట్టుకుని నవ్వి, ఎల్లారావుని ఐసు మిల్లు గోడ చాటుకి లాక్కుపోయారు.

"ఇక్కడ ఎవరూ లేరు. నా చెవిలో చెప్పు."

ఎల్లారావు అటూ ఇటూ చూసి, ఆయన చెవిలో గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. ఎన్ని బోట్లున్నాయో, ఏ ఇంజను ఎప్పుడు మొరాయిస్తుందో, మెకానిక్కు దొరక్క ఎవరెవరు ఎన్ని రోజులు వేట మానుకున్నారో, అందులో ఎంతమంది తనని ఇప్పటికే అడిగారో. గురునాథరావుగారు స్కూటరు సీటు మీద ఫైలు పెట్టి అక్కడికక్కడే సంతకం చేశారు.

అంతలో పోతమ్మ చేపల గంపతో వచ్చింది.

"బాబుకి ఏటి సెప్పావురా?"

"నిజం సెప్పీసినానమ్మా. షెడ్డు బాగా నడుస్తాదని."

పోతమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. గంప దించి, పక్కనున్న టీకొట్లోంచి గుప్పెడు ఉప్పూ, రెండు ఎండుమిరపకాయలూ తెచ్చి ఫైలు చుట్టూ తిప్పడం మొదలుపెట్టింది.

"ఊరోల్ల కల్లు, రేవోల్ల కల్లు, ఈ ఆపీసు బాబు కల్లు..."

ఎమ్మే చదివిన గురునాథరావుగారు ఫైలుని రెండు చేతులా పట్టుకుని బుద్ధిగా నిలబడ్డారు. ఎల్లారావు కళ్లప్పగించి చూస్తున్నాడు. పనికిరాని వాటికి తన తల్లి దిష్టి తియ్యడం అతను ఎన్నడూ చూడలేదు.

పోతమ్మ అతని వైపు తిరిగింది.

"సూత్తావేటి? ఇలా రా. ఆ కాయితం కంటే ముందు నీకే తగుల్తాది."