గుర్రం ఇంట్లో దిగిన బంటు

దేవ్‌సింగ్‌తో కాపురంలో ఉన్న ఒకే ఒక్క ఇబ్బంది ఏమిటంటే, ఆయన ఎప్పుడూ తప్పు చేయడు. పద్నాలుగేళ్లుగా రూప్లి కనిపెడుతూనే ఉంది. ఆయన చూస్తానన్న పాలు పొంగితే స్టవ్‌ది తప్పు. మధిర పోవాల్సిన మనిషి డోర్నకల్‌లో దిగితే రైలుది తప్పు. సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ కాబట్టి, కరెంటు పోతే గాలిది తప్పు.

ఈ వారం తప్పు చదరంగం పజిల్‌ది.

కారేపల్లిలో చాంద్ పాషా కుట్టు దుకాణమే చదరంగం ఆడేవాళ్లకు క్లబ్బు. బట్టలు కత్తిరించే బల్ల మీద ఓ చివర కత్తెర, ఇంకో చివర బోర్డు. ఆదివారం ఖమ్మంలో పజిళ్ల పోటీ ఉంది. మండలానికి ఒక్క పేరే పంపాలి, అదీ శుక్రవారం ఐదింటిలోపు. పాషా ఒక పుస్తకంలోని పజిల్‌ను బోర్డు మీద పేర్చి, "తెల్లపావులది ఎత్తు. రెండెత్తుల్ల మాట్, ఆట కట్టాలె. ఎవరు ఇప్పితే వాళ్ల పేరు పంపుత" అన్నాడు.

మూడు రోజులైనా ఎవరూ విప్పలేదు. దేవ్‌సింగ్ దాన్ని కాగితం మీద గీసుకొచ్చి ఫ్రిజ్‌కు అంటించాడు. గురువారం పొద్దున చాయ్ తాగుతూ తీర్పు చెప్పాడు.

"పజిలే తప్పు రూప్లీ. అచ్చేసినోడు బంటును ఒక గడి అటిటు ఏసిండు. రెండెత్తుల్ల కానే కాదు. పోయినసారి గెలిచింది నేనే గద, పాషా నా పేరే పంపుతడు."

"నేను చూడనా ఒకసారి?"

"చూడు, చూసుడుకేంది? పొయ్యి మీద కూర గూడ చూడు."

రూప్లి కూర చూసింది. తర్వాత కాగితం చూసింది.

ఖమ్మంలో డిగ్రీ చదివేటప్పుడు ఆమెకు చదరంగంలో రెండో బహుమతిగా స్టీలు టిఫిన్ డబ్బా వచ్చింది. దేవ్‌సింగ్ రోజూ డ్యూటీకి అన్నం తీసుకెళ్లేది అందులోనే. దాని మూత మీద చెక్కిన పేరు ఎవరిదో ఆయన ఎప్పుడూ చదివినట్టు లేదు. ఆ మూత తర్వాత ఆమె పేరు రేషన్ కార్డు మీదికీ గ్యాస్ పుస్తకంలోకీ తప్ప ఎక్కడికీ ఎక్కలేదు. ఈసారి ఖమ్మం పంపే కాగితం మీదికి ఎక్కి తీరాలనుకుంది.

నల్లరాజు బోర్డు అంచున ఇరుక్కుని ఉన్నాడు. అతని పక్కనే తెల్లబంటు, చివరి వరుసకు ఒక్క అడుగు దూరంలో. దానికి ఏనుగు కాపలా. కానీ తీరిగ్గా కూర్చుంటే కుదరదు. అవతల నల్లమంత్రి కాచుకుని ఉంది, ఒక్క ఎత్తు వృథా అయినా తెల్లరాజు పని అయిపోతుంది. కాబట్టి ప్రతి ఎత్తూ చెక్ కావాలి, ఎదుటివాడికి వేరే దారి మిగలకూడదు. ఈ విద్య రూప్లికి కొత్త కాదు. "బజారుకు నువ్వు పోతవా, మీ అక్కను పిలిపియ్యనా?" అని అడిగితే దేవ్‌సింగ్ ఎప్పుడైనా ఒకే ఎత్తు వేస్తాడు.

బట్టలు ఉతుకుతూ ఆలోచించింది. బియ్యం ఏరుతూ ఆలోచించింది. సాయంత్రానికి మొదటి ఎత్తు దొరికింది. మంత్రిని తీసుకెళ్లి నల్లరాజు ఎదుట పెట్టేయాలి. రాజు వెనక్కి జరిగితే ఏనుగు చివరి వరుసకెక్కుతుంది, మాట్. రాజు మంత్రిని చంపితే? బంటు ఎక్కి కొత్త మంత్రి అవుతుంది. కానీ ఆ మంత్రి చూపు రాజు మీద పడదు. చెక్ లేదు. అక్కడ ఆగిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం రూప్లి తన మామ సోమ్లా పాత బోర్డును అటక మీంచి దించి, అరుగు మీద ఆయన ముందే పావులు పేర్చింది.

"చూడు మామా. బంటు ఎక్కింది, మంత్రి అయింది. అయినా చెక్ పడ్తలేదు."

సోమ్లా కళ్లద్దాలు ఎగదోసుకున్నాడు. "మంత్రి ఎట్లయితది బిడ్డా? అది దిగింది గుర్రం ఇంట్ల. గుర్రం ఇంట్ల దిగితే గుర్రమే అయితది."

ఆయన నేర్చిన పాత ఆటలో అంతే. బంటు ఏ పావు ఇంట్లో దిగితే ఆ పావు అవుతుంది. ఈ మాట విన్నప్పుడల్లా దేవ్‌సింగ్ నవ్వుతాడు. ఆయన ఫోన్లో నేర్చాడు. ఆయన ఫోన్ బంటు ఎక్కగానే ఎవరినీ అడక్కుండా మంత్రిని పెట్టేస్తుంది. ఆ అలవాటు ఫోన్ నుంచి ఆయనకు వచ్చిందో, ఆయన నుంచి ఫోన్‌కు వెళ్లిందో రూప్లికి ఇంకా తేలలేదు.

కానీ కాలేజీలో చదివింది గుర్తుకొచ్చింది: ఏ పావు కావాలంటే అది కోరుకోవచ్చు. అందరూ మంత్రినే కోరుకుంటారు కాబట్టి ఆమె కూడా ఆ సంగతి మరిచిపోయింది. బంటును తీసి గుర్రాన్ని పెట్టింది. కాసేపు బోర్డునే చూసి, మామకు రెండోసారి చాయ్ పెట్టి ఇచ్చి, చెప్పులేసుకుంది.

నాలుగూ నలభై. దుకాణంలో పాషా మిషన్ తొక్కుతున్నాడు. దేవ్‌సింగ్ ఖమ్మం కాగితం మీద తన పేరు రాయడానికి పెన్ను మూత తీస్తున్నాడు.

"ఆగుండ్రి" అంది రూప్లి. మంత్రిని ఎత్తి నల్లరాజు ఎదుట పెట్టింది.

"ఉత్తగ మంత్రిని ఇచ్చేస్తున్నవా?" దేవ్‌సింగ్ నవ్వి, రాజుతో మంత్రిని చంపాడు.

రూప్లి బంటును ముందుకు జరిపి, తీసేసి, అక్కడ గుర్రాన్ని నిలబెట్టింది. "చెక్."

"గుర్రమేంది? మా నాయిన పాత రూల్స్ ఈడ నడ్వయి. బంటు ఎక్కితే మంత్రే!"

పాషా సొరుగులోంచి రూల్స్ పుస్తకం తీసి చదివాడు. "మంత్రి, ఏనుగు, ఒంటె, గుర్రం. ఏదన్న తీసుకోవచ్చునట భాయ్. చెల్లె గుర్రం అడిగింది."

దేవ్‌సింగ్ వేలితో ఒక్కో గడి తడిమాడు. ఇటు పోతే ఏనుగు. అటు పోతే తెల్లబంటు. మిగతా గడుల్లో సొంత బంట్లే అడ్డం. గుర్రాన్ని చంపేవాడు లేడు.

"ఈడ ఎలుతురు సక్కగ లేదు" అన్నాడు.

పాషా లైటు వేసి, మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టాడు. వెలుతురులోనూ అది మాట్. దేవ్‌సింగ్ పెన్ను రూప్లి చేతికిచ్చి, ఏదో గొణిగాడు.

"మిషన్ సప్పుడుకు ఇనబడలే" అంది రూప్లి, కాగితం మీద తన పేరు రాసుకుంటూ.

పాషా తొక్కడం ఆపాడు.

"పజిల్ సక్కగనే ఉంది" అన్నాడు దేవ్‌సింగ్. "తప్పు నాదే."