దుప్పటి అవతలి కొస

దుప్పటి కొసలు పట్టుకుని క్రేనమ్మ, చెల్లి ఎదురెదురుగా నిలబడి ఒక్క విదిలింపు విదిల్చారు. ఆ గాలికి హోటల్ లాండ్రీ అవతలి వీధిలో టోపీలు ఎగిరిపోతాయని ప్రతీతి.

తడిబట్టల మూటల్ని పసిపిల్లల్లా చంకనేసుకుంటుంది కాబట్టి ఆమె క్రేనమ్మ. సొంత పేరుతో పిలిస్తే ఆమే పలకదు. ఏనుగునైనా ఉతికి, ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టగలదు. పోయిన నెల అలాంటి మనిషి వెన్నుపూస ఒక్క తుమ్ముకు విరిగింది.

"ఎముకలు గుల్లబారాయమ్మా. పూస నొక్కుకుపోయింది," అన్నాడు డాక్టరు. ఎముక గట్టిపడటానికి సూది వేసి, నడుముకు పట్టీ బిగించాడు. "వంగొద్దు, బరువులెత్తొద్దు. వంగారో, పక్క పూస కూడా కూర్చుంటుంది."

"పూసలు కూడా కూర్చుంటున్నాయి, నాకే కుర్చీ లేదు," అందామె బయటికొస్తూ. తోడొచ్చిన చెల్లి పగలబడి నవ్వింది.

చెల్లంటే తోబుట్టువు కాదు. ఇన్నేళ్లుగా దుప్పటి అవతలి కొస పట్టిన మనిషి. "నువ్వు ఊరికే నిలబడక్కా. వంగేదంతా నేను వంగుతా," అని మాటిచ్చింది.

కుట్టుగదిలో మిషను మీద చిరుగులు కుట్టే మనిషి కుర్చీ వచ్చే నెల ఖాళీ అవుతోంది. పాత మనిషని క్రేనమ్మకే ఇస్తామన్నారు. ఈలోగా నడుం సంగతి తెలిస్తే సూపర్‌వైజరు కుర్చీ కాదు, గేటు చూపిస్తాడు. తెలిసింది చెల్లికొక్కదానికే.

ఇవాళ సూపర్‌వైజరు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఇద్దరూ దగ్గరికి నడిచి కొసలు కలపబోయారు. కింద వేలాడే మడత అందుకోవడం చెల్లి వంతు. చెల్లి వంగలేదు. చేతిలో కొసలు కూడా వదిలేసింది.

"అందుకో అక్కా," అంది గోడకేసి చూస్తూ.

క్రేనమ్మ నేలవంక చూసింది. చేంతాడు వేసినా అందనంత లోతుగా ఉంది. వంగబోయింది. పట్టీ కిర్రుమంది. అక్కడే ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాడు సూపర్‌వైజరు.

"అక్కకి నడుం విరిగింది సార్. పాపం, ఎవరికీ చెప్పుకోలేదు," అంది చెల్లి జాలిగా. "కుట్టుమిషనంటారా... నేను తొక్కుతాలెండి."

తుమ్ముకు పోయింది ఒక్క పూసే. ఈ జాలికి మిగతావన్నీ వరసగా కూలినట్టయింది.

"ఇంటికెళ్లమ్మా. మళ్లీ కబురు చేస్తాం," అన్నాడు సూపర్‌వైజరు. ఆ గదిలోంచి అలా వెళ్లినవాళ్లెవరికీ కబురు రాలేదు.

క్రేనమ్మ తన చేతిలో కొసను బల్లమీద పెట్టి, అరచేత్తో సాపు చేసింది.

"జాగ్రత్తే చెల్లీ. ఆ కుర్చీకి వీపు ఆనించుకోవడానికేం లేదు," అని, నిటారుగా నడుచుకుంటూ వెళ్లిపోయింది.

బల్లమీద ఆమె పెట్టిన కొస అంచుకు అంచు కలిసి కత్తిలా ఉంది. అవతలి కొస నేలమీదే పడి ఉంది.