చాటుగా అడిగే ప్రశ్న

సబ్బు కాస్తుంటే మా ఆయన గుమ్మంలోకొచ్చి, "ఏమే, చేతులు కడుక్కునిరా, ఓ సంతకం పడేసి పోదువుగాని" అన్నాడు. సబ్బులో పోసే బూడిదనీళ్ల ఘాటుకి వేళ్లు పగిలి మండుతున్నాయి. సంతకం అవసరమైనప్పుడు తప్ప ఆయన కంటికి నా చేతులెప్పుడు ఆనాయి గనక!

మా ఆయన ఆల్వా స్ట్రౌడ్ అంటే మా అయోవా సీమలో తెలియనివాళ్లు లేరు. ఈ అడవిలో తొలి గొడ్డలి వేసినవాడట, శాసనసభలో మెంబరట, జిల్లాలాంటి మా కౌంటీకే పెద్దదిక్కట. ఆ కౌంటీ పుట్టింది నా వంటింట్లో. మొదటి ఎన్నికల ఓట్లు వేసింది నా పాలకుండలో. ఓటు నాకు లేదు, వాళ్లు పోయాక కుండ తోముకోవడం మాత్రం నాదే. తీర్పు చెప్పే జ్యూరీ వాళ్లు నా మంచమెక్కి కూర్చుని తర్జనభర్జన పడుతుంటే, నేను పొయ్యి దగ్గర నిలబడి వాళ్లకి పంది మాంసం వేయించాను. "మగాళ్లు ఊరు నిలబెడుతుంటే ఆడది రొట్టెల లెక్క చూసుకోకూడదే" అనేది మా అత్తగారు, తను మాత్రం కుర్చీలోంచి లేవకుండా.

ఆయన శాసనసభకి పోయిన చలికాలాల్లో పిల్లల్నీ పశువుల్నీ నేనొక్కదాన్నే ఈదుకొచ్చాను. అప్పుడే ఇంటి వెనక వాలులో ఆపిల్ గింజలు నాటాను. చెట్లు ఈ ఏడే కాపుకొచ్చాయి. ఇంతలో ఆ వాలుని కౌంటీ కోర్టు కట్టడానికి దానమిస్తానన్నాడు మా ఆయన. కోర్టు ఇక్కడికొస్తే ఆ పేరుతో ఆయన సెనేటరు అవుతాడు.

"మరి నా చెట్లు?" అన్నాను నిన్న.

"కొట్టేస్తారు. కోర్టు పక్కనే పూటకూళ్లిల్లు పెడదాం. వచ్చేవాళ్లందరికీ నువ్వే వండిపెట్టొచ్చు" అన్నాడు, వరమిచ్చినట్టు.

మా చట్టంలో ఓ ముచ్చట ఉంది. మొగుడు భూమి ఇచ్చేటప్పుడు అందులో పెళ్లానికున్న హక్కు ఆమె వదులుకోవాలి. భయపడి కాదు, ఇష్టపడే వదులుకుంటోందా అని మేజిస్ట్రేటు ఆమెను చాటుకి పిలిచి అడగాలి. అవునంటేనే సంతకం చెల్లుతుంది. ఏటి ఒడ్డు పొలాలు అమ్మిన ప్రతిసారీ మేజిస్ట్రేటు ఈనస్ పిక్‌రెల్‌గారు నన్ను సామాన్ల గదిలోకి పిలిచి ఆ మాట గొణిగేవారు. తలుపు తీసే ఉండేది. అవతల మా ఆయన బూట్లు టకటకలాడించేవాడు. నేను తలూపేదాన్ని.

ఇవాళా అంతే. పిక్‌రెల్‌గారు గొణగడం మొదలుపెట్టారో లేదో, "కెజియా, కానీ త్వరగా! కోర్టు పనిమీదొచ్చిన పెద్దమనుషులు భోజనానికి కూర్చున్నారు" అని బయటినుంచి కేక. ఆ వెంటనే వాళ్లతో, "మా ఆవిడ దేనికీ అడ్డు చెప్పదు లెండి" అంటూ నవ్వు.

నాకు ఒళ్లు మండిపోయింది.

"పిక్‌రెల్‌గారూ, మళ్లీ చదవండి. కాస్త గట్టిగా."

"ఎందుకమ్మా, నీకు తెలిసిందేగా!"

"చదవండి."

ఆయన గొంతు సవరించుకున్నారు. "భర్త వల్ల ఏ భయమూ, ఏ బలవంతమూ లేకుండా, నీ ఇష్టంతోనే ఈ హక్కు వదులుకుంటున్నావా?"

అవతల నవ్వులు ఆగిపోయాయి.

"లేదండీ" అన్నాను. "భయముంది. పెళ్లైన నాటినుంచీ ఉంది. అలాగే రాసుకోండి."