ఒట్టు పెట్టని వాళ్ళు

మా ఆయన ఒట్టు పెట్టి ఉంటే బతికేవాడు. ఈ మాట నేను అన్నప్పుడల్లా మందిరం వాళ్ళు నా నోరు మూయాలని చూస్తారు. అట్లా అనకు రూతమ్మా, అంతా దేవుని చిత్తం అంటారు. దేవుని చిత్తం సంగతి నాకు తెలియదు గానీ, ఆ ఆదివారం మందిరంలో కూర్చున్న మనుషుల చిత్తం ఏమిటో నాకు బాగా తెలుసు. నేనూ అక్కడే కూర్చున్నాను కదా.

తుంగతుర్తి దాటి వాగు దిగితే మా గూడెం వస్తుంది. మా మామ కాలంలో సూర్యాపేట నుంచి మిషను దొరలు వచ్చి ఆ వాగులోనే అందరికీ బాప్తిస్మం ఇచ్చారు. అప్పటి నుంచి మావాళ్ళు చచ్చిన గొడ్డు మాంసం మానేశారు, పోచమ్మకు కోడిని కోయడం మానేశారు, ఒట్టు పెట్టడం మానేశారు. మొదటి రెండింటి గురించి నన్ను అడగకండి. కరువులో ఎవరి కుండలో ఏం ఉడికిందో, పిల్లలకు అమ్మవారు పోసినప్పుడు ఎవరు ఎవరికీ కనబడకుండా పోచమ్మ గద్దెకు పోయి వచ్చారో నేను చెప్పను. ఒట్టు మాత్రం నిజంగానే మానేశారు. ఊళ్ళో తగవు వస్తే దీపం ఆర్పో, బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టో ప్రమాణం చేస్తారు. మేం చెయ్యం. అవునంటే అవును, కాదంటే కాదు, అంతకు మించి పలికితే పాపమని మాకు నేర్పారు. మొదట్లో ఊరివాళ్ళు నవ్వారు. రానురాను గూడెపోళ్ళు అబద్ధం ఆడరని వాళ్ళకే నమ్మకం కుదిరింది. గొడ్డు తప్పిపోయినా, గట్టు జరిగినా మావాళ్ళను పిలిచి అడిగేవారు.

మా ఆయన మత్తయ్య తోలు పని చేసేవాడు. మోట బొక్కెన కుట్టినా, చెప్పు కుట్టినా ఆయన కుట్టు ఊడేది కాదు. మనిషి అంతకంటే మొండి. నీళ్ళ దగ్గర పోట్లాటలో నేను ఒకసారి 'నా బిడ్డ మీద ఒట్టు' అన్నానని ఆ పూట నేను కాచిన జొన్న గటక ముట్టలేదు.

"నీ మాట మీద నీకే నమ్మకం లేకపోతే నేనెట్ల నమ్మాలె?" అన్నాడు.

"నమ్మకపోతే మానెయ్, గటకయితే తిను. లేకుంటే కుక్కకు పోస్త" అన్నాను.

నవ్వాడు గానీ తినలేదు. అట్లాంటి మనిషితో కాపురం ఎట్లా ఉంటుందో చేసినదానికే తెలుస్తుంది. పైగా ఎవరి ముందు ఏం అనాలో, ఏం అనకూడదో ఆయనకు తెలియదు. మా పాదిరి రాజారత్నం గారిని అందరం అయ్యగారు అని పిలిచేవాళ్ళం. ఆయన ఒకసారి ఊరి దొర గడీకి పోయి, వాళ్ళు వేసిన కుర్చీలో కూర్చొని, చాయ్ తాగి వచ్చి మందిరంలో ఆ సంగతి గొప్పగా చెప్పారు. మా ఆయన లేచి, "గాడ మన పోరగాండ్లు వెట్టి చేస్తున్నరు కద అయ్యగారు, వాళ్ళ గురించి ఒక్క మాట అడిగిండ్రా?" అన్నాడు. అయ్యగారి ముఖం మాడిపోయింది. ఇంటికి వచ్చాక నేను తిట్టాను. "ఉన్నది అడిగిన, అందుల ఏమున్నది?" అని తోలు నానబెట్టుకుంటూ కూర్చున్నాడు.

నలభై ఎనిమిది ఎండాకాలంలో నిజాం పోలీసులు మా దగ్గర క్యాంపు వేశారు. పగలు వాళ్ళ భయం, పొద్దుగూకితే దొరల మీద తిరగబడి తుపాకులు పట్టిన దళం వాళ్ళ రాకపోకలు. మా పక్క గుడిసె దేవమ్మ కొడుకు ఏసుపాదం దళంలో చేరి గుట్టల్లోకి పోయాడు. దేవమ్మకు వాడొక్కడే కొడుకు. వాడు చిన్నప్పుడు సగం తిండి మా ఇంట్లోనే తినేవాడు. నాకు దేవమ్మ అత్త వరస.

ఒక రోజు క్యాంపు జవాన్లు వచ్చి బూట్లు కుట్టడానికి మా ఆయనను పట్టుకుపోయారు. రాను అనడానికి ఉంటుందా? పొద్దంతా కుట్టించుకున్నారు. అక్కడి జమేదారుకు పని నచ్చిందో ఏమో, పోయేటప్పుడు రెండు మానికల జొన్నలు తువ్వాలలో పోశాడు. ఆ జొన్నలు చూసి నేను ఎంత సంతోషపడ్డానో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే కంపరం వస్తుంది. వెంటనే తిరగలి ముందు కూర్చున్నాను. గూడెం మొత్తం ఆకు కూర ఉడకబెట్టుకొని తింటున్న రోజులు. తిరగలి చప్పుడు ఎవరికి వినపడదు?

ఆ వారంలోనే పోలీసులు గుట్టను చుట్టుముట్టి ఏసుపాదాన్ని కాల్చేశారు. దేవమ్మ గుడిసె ముందు నేల మీద పడి ఏడ్చింది. నేను పోయి పట్టుకోబోతే నా చెయ్యి విసిరికొట్టింది.

"నా కొడుకు ఏ గుట్ట మీద ఉన్నడో ఎవలు చెప్పిండ్రు? క్యాంపు జొన్నలు తిన్నోళ్ళు చెప్పరా?" అంది.

కడుపు కాలిన తల్లి, ఏదో అన్నది, ఆమెను నేను తప్పుపట్టను. కానీ ఆ మాటను గూడెం మొత్తం ఎత్తుకుంది. పొయ్యిలోకి నిప్పు అడిగితే, అప్పుడే ఆరిపోయిందని చెప్పేవారు. వాళ్ళ పొయ్యి మండుతూ నాకు కనబడుతూనే ఉండేది. మందిరంలో చాప మీద మా ఇద్దరికీ అటూ ఇటూ ఖాళీ వదిలి కూర్చునేవారు. త్రిపురారంలో మా తమ్ముడు ఉన్నాడు, అక్కడికి పోదామని నేను రోజూ పోరు పెట్టాను.

"పోతే చేసినట్టే అయితది" అన్నాడు మా ఆయన. "మనోళ్ళే కదనే. ఎన్నొద్దులు ఇట్లుంటరు?"

ఆ ఆదివారం క్యాంపు వాళ్ళు వేరే ఊరి మీదికి పోయారు. పొద్దున మేం పాట పాడుతుండగా దళం వచ్చింది. తుపాకులు ఉన్నవాళ్ళు బయటే నిలబడ్డారు. దళానికి పెద్ద అయిన సైదయ్య మాత్రం చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. దొర గరిసెలు పగలగొట్టి మాకు వడ్లు పంచిన మనిషి. చెడ్డవాడని నేననను. చెడ్డవాడైనా బాగుండేది, వాడిని తిట్టుకుంటూ బతికేదాన్ని.

"మత్తయ్యా, క్యాంపుకు పోయినవా?" అని అడిగాడు.

"పోయిన. గుంజుకపోతే పోయిన."

"జొన్నలు తెచ్చినవా?"

"తెచ్చిన."

"గుట్ట సంగతి వాళ్ళకు చెప్పినవా?"

"చెప్పలె."

"నీ బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టి గదే మాట అను. ఇంకేం అడగ, పోత."

మా బిడ్డ నా ఒళ్ళోనే ఉంది. పిల్లను తీసుకుపోయి ఆయన ముందు నిలబెట్టాను. ఆయన చెయ్యి పట్టుకొని నేనే పిల్ల నెత్తిన పెట్టబోయాను. ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"చెప్పలె అన్న కద. గంతే" అన్నాడు.

"నీ కాళ్ళు మొక్కుత. ఒక్కసారి పెట్టు. దేవుడు ఏమన్న అంటే నన్ననమను" అన్నాను.

"ఇప్పుడు ఒట్టు పెడితే ఇన్నేండ్లు నేను ఒట్టు లేకుండ అన్నయన్ని ఏమయితయే?" అన్నాడు.

తప్పు చేసినోడే ఒట్టుకు భయపడతాడని వెనక నుంచి ఎవరో గొణిగారు. బయట నిలబడ్డ దళం వాళ్ళు కాదు. లోపల చాప మీద కూర్చున్న మా వాళ్ళే, జీవితంలో ఒట్టు పెట్టని వాళ్ళే.

నేను పెడతానన్నాను. గ్రంథం మీద, పిల్ల మీద, దేని మీద పెట్టమంటే దాని మీద పెడతానన్నాను. పెండ్లాం ఒట్టు చెల్లదమ్మా అని సైదయ్య నెమ్మదిగా చెప్పి, రాజారత్నం గారి వైపు తిరిగాడు.

"అయ్యగారు, మీ పెద్దమనుషులు గా గ్రంథం మీద చెయ్యి పెట్టి, మత్తయ్య గీ పని చెయ్యలేదని చెప్పుండ్రి. ఇడిచిపెడ్త."

"మాకు ఒట్టు నిషేధమండి. అది ప్రభువు ఆజ్ఞ. ప్రాణం పోయినా మీరలేం" అన్నారు రాజారత్నం గారు.

గొంతు ఎంత నిబ్బరంగా ఉందో! మా ఆయన తల ఊపాడు. అయ్యగారు తన పక్షాన మాట్లాడుతున్నారనుకున్నాడు, పిచ్చి మనిషి.

తర్వాత సైదయ్య అన్న మాటలు నేను చచ్చేదాకా మర్చిపోను.

"సరే, ఒట్టొద్దు. మీకు అవునంటే అవునే కద. ఒక్కరంటే ఒక్కరు లేచి, 'మత్తయ్య గసొంటోడు కాదు' అనుండ్రి. మీ నోటి మాట నాకు చాలు."

నేను అయ్యగారి వైపు చూశాను. ఇప్పుడు ఆజ్ఞ అడ్డం రాదు కదా. రాజారత్నం గారు చేతులు జోడించి కళ్ళు మూసుకున్నారు.

"హృదయాలను ఎరిగినవాడు దేవుడొక్కడే. మనిషి లోపల ఏముందో మేం ఎట్లా చెప్పగలం?" అని కూర్చున్నారు.

ఒక్కొక్కరి ముఖమే చూసుకుంటూ పోయాను. నేను చూసిన వాళ్ళు తల దించుకున్నారు. మా ఆయన కుట్టిన చెప్పులు అందరివీ వాకిట్లో ఉన్నాయి. ఆయన బావమరిది వరస వాళ్ళు ఉన్నారు, చిన్నప్పటి నుంచి కలిసి తిరిగిన వాళ్ళు ఉన్నారు. వాళ్ళందరూ దేవమ్మ వైపు చూస్తున్నారు. కొడుకు పోయిన మనిషి ముందు ఎట్లా నోరు విప్పాలి అన్నట్టు. నేను పోయి దేవమ్మ ముందు కూలబడ్డాను.

"అత్తా, నువ్వే చెప్పు. నీ కొడుకును మా ఆయన ఎత్తుకొని పెంచలేదా?" అన్నాను.

ఆమె కొంగు ముఖం మీదికి లాక్కుంది.

వాళ్ళ భయం నాకు తెలియక కాదు. ఇవాళ మంచోడని చెప్పి రేపు కాదని తేలితే తుపాకీ తమ వైపు తిరుగుతుంది. దళం ముందు సాక్ష్యం చెప్పారని తెలిస్తే క్యాంపు వాళ్ళు వచ్చి గూడెం తగలబెడతారు. అన్నీ నిజమే. అయినా లేవాల్సింది. ఒక్కరు లేచినా నా బిడ్డకు తండ్రి ఉండేవాడు.

సైదయ్య చాలాసేపే నిలబడ్డాడు. మా ఆయన అందరినీ ఒకసారి చూశాడు. ఎంతటివాడి ముఖం మీదైనా ఉన్నదున్నట్టు అడిగే మనిషి, ఆ రోజు ఎవరినీ ఏమీ అడగలేదు. "పిల్లను పట్టుకో" అని నాతో మాత్రం అని, తనంతట తానే బయటికి నడిచాడు. నేను వెంటపడితే నలుగురు ఆడవాళ్ళు నన్ను గట్టిగా పట్టుకున్నారు. లేవని కాళ్ళు నన్ను పట్టుకోవడానికి మాత్రం లేచాయి. వాగు అవతల తుపాకీ పేలింది. రాజారత్నం గారు గబగబా ప్రార్థన చేశారు, అందరూ ఆమెన్ అన్నారు.

గొయ్యి తవ్వడానికి గూడెం నుంచి ఎవరూ రాలేదు. త్రిపురారం నుంచి మా తమ్ముడు వచ్చి తవ్వాడు. అయ్యగారికి జ్వరం వచ్చిందట. ప్రార్థన మా తమ్ముడే చేశాడు, వాడికి వచ్చినంత.

వానలు పడ్డాక ఒక మధ్యాహ్నం సైదయ్య ఒంటరిగా మా గుడిసెకు వచ్చాడు. లోపలికి రాకుండా చూరు కింద నిలబడ్డాడు.

"కోదాడ రోడ్డు మీద మా కబుర్లు మోసే కొరియర్ ఒకడు పోలీసులకు దొరికిండట. దెబ్బలకు తాళలేక వాడే గుట్ట సంగతి చెప్పిండు. మాకు ఇప్పుడు తెలిసింది. మత్తయ్యది ఏ తప్పూ లేదమ్మా" అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. తప్పు లేదని నాకు ముందే తెలుసు కదా, కొత్తగా ఏం విన్నానని ఏడవాలి.

"ఆ రోజు ఎవరన్న ఒక్కరు లేచి చెప్పుంటే నువ్వు నిజంగ పోయేటోడివా?" అని అడిగాను.

"పోయేటోన్ని. మీ గూడెపోళ్ళు అబద్ధమాడరని చుట్టు పదూర్లు అంటయి. గందుకే మీ మందిరంలకు వచ్చి అడిగిన. గంతమంది నిజం చెప్పేటోళ్ళు ఊకుంటే, ఇగ చేసిండనే అనుకున్న."

నన్నేమన్నా అను అన్నట్టు నిలబడ్డాడు. నేను పిల్లను ఎత్తుకొని లోపలికి పోయాను. వానలోనే తడుస్తూ పోయాడు.

ఆ సంగతి సాయంత్రానికి గూడెం మొత్తం తెలిసింది. ఆదివారం మందిరంలో రాజారత్నం గారు, "మన సహోదరుడు మత్తయ్య నిర్దోషి" అని ప్రకటించి, ఎవరైనా ఆయన గురించి సాక్ష్యం చెప్పండి అన్నారు. ఎంతమంది లేచారో చూడాలి. ఒకరు కూర్చోకముందే ఇంకొకరు లేచారు. మత్తయ్య ఎన్నడూ అబద్ధమాడలేదన్నారు. తమ ఇంట్లో పిల్ల చచ్చిపోతే రాత్రంతా తోడు కూర్చున్నాడన్నారు. అట్లాంటి మనిషి పుట్టడన్నారు. మాటలు లేవనుకున్నాను, ఇన్ని మాటలు వీళ్ళ దగ్గరే ఉన్నాయి. నేను పిల్లను ఒళ్ళో పెట్టుకొని అన్నీ విన్నాను. పాపం, అనుమానం కమ్మింది, ఇప్పుడు తెలుసుకున్నారు, ఎంతైనా మనుషులే కదా అని నాకు నేను చెప్పుకుంటున్నాను. క్షమించడానికి చాలా ప్రయత్నం చేస్తున్నాను.

చివరికి దేవమ్మ లేచింది.

"కడుపుమంటతోటి అన్న గానీ, మత్తయ్య గసొంటోడు కాదని నాకు గా రోజే ఎరుక" అంది ఏడుస్తూ.

చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునన్నారు. మాకూ ఎరుకే అన్నారు. అయ్యగారు కూడా తల ఊపారు.

నేను కూర్చున్నచోటి నుంచే అడిగాను.

"ఎరుకేనా అత్తా? గా రోజే ఎరుకేనా?"

"ఎరుకే బిడ్డా."

"మరెందుకు చెప్పలె?"

దేవమ్మ కళ్ళు తుడుచుకొని చుట్టూ చూసింది.

"అందరు ఊకున్నరు కదనే" అంది.